లెక్కపెడితే తెలిసే సంభావ్యత: గవ్వలు, నాణేలు, చెన్నై వానలు



తొమ్మిదో తరగతి గణిత పుస్తకంలో ఆఖరి అధ్యాయం సంభావ్యత. ఆఖరిది కాబట్టి చాలా చోట్ల పరీక్షలు దగ్గరపడ్డాక నాలుగు లెక్కలు చేయించి వదిలేస్తుంటారు. మార్కులు ఎలాగూ వచ్చేస్తాయి. ఒక భాగహారం తెలిస్తే చాలు, అంతకంటే కష్టం అందులో ఏమీ లేదు. కానీ పుస్తకం మూసేశాక కూడా ఇంట్లో పెద్దవాళ్లకు సైతం పనికొచ్చే అధ్యాయం ఏదంటే నేను దీన్నే చూపిస్తాను. మన తరంలో చాలామందిమి బడిలో ఉండగా దీన్ని చదువుకోలేదు. అందుకే ఈసారి పిల్లలకూ పెద్దలకూ కలిపి రాస్తున్నాను. పిల్లలు చదివి అమ్మానాన్నలకు చెప్పినా సరే, అమ్మానాన్నలు చదివి పిల్లలకు చెప్పినా సరే.

సంభావ్యత అంటే ఒక సంగతి జరగడానికి ఎంత అవకాశం ఉందో చెప్పే సంఖ్య. అది సున్నాకు తగ్గదు, ఒకటికి మించదు. ఆ సంఖ్యను రాబట్టడానికి రెండు దారులున్నాయి. మొదటిది ఆలోచించి చెప్పడం. పాచికకు ఆరు ముఖాలు, ఆరూ ఒకలాంటివే, కాబట్టి మూడు పడే సంభావ్యత 1/6. ఇది చెప్పడానికి పాచికను చేత్తో పట్టుకోనక్కరలేదు. దీన్ని సైద్ధాంతిక సంభావ్యత అంటాం. రెండోది వేసి, చూసి, లెక్కపెట్టి చెప్పడం. దీన్ని ప్రయోగాత్మక సంభావ్యత అంటాం. సూత్రం ఇంతే:

ప్రయోగాత్మక సంభావ్యత = ఆ ఘటన జరిగిన సార్లు ÷ మొత్తం యత్నాల సంఖ్య

పైన ఉండే సంఖ్య లవం, కింద ఉండేది హారం. లవం అందరికీ కనిపిస్తుంది. హారాన్ని మాత్రం మనమే అడిగి తెలుసుకోవాలి. ఈ వ్యాసంలో నేను చెప్పబోయేదంతా ఎక్కువగా ఆ హారం గురించే.

గవ్వకు సగం అని ఎవరు చెప్పారు?

అష్టాచెమ్మా ఆడిన ఇళ్లలో గవ్వలు ఇంకా ఏదో ఒక డబ్బాలో ఉంటాయి. ఒక గవ్వ తీసుకోండి. నాణేనికి రెండు వైపులు, గవ్వకూ రెండు వైపులు. నాణెం ఎగరేస్తే బొమ్మ పడే అవకాశం సగం అంటాం. మరి గవ్వ వేస్తే నోరు పైకి ఉండేలా, అంటే వెల్లకిలా, పడే అవకాశం ఎంత? తరగతిలో ఎప్పుడు అడిగినా ముందు వచ్చే జవాబు ఒకటే: "రెండే వైపులు కదా సార్, సగం."

గవ్వ ఒక పక్క ఉబ్బుగా ఉంటుంది, ఇంకో పక్క చదును. వైపులు రెండున్నంత మాత్రాన రెండింటికీ సమాన అవకాశం ఉండాలని ఏమీ లేదు. రేపు వాన పడచ్చు, పడకపోవచ్చు. ఉన్నవి ఈ రెండు మాటలే. అలాగని ఏప్రిల్ నెలలో చెన్నైలో రేపు వాన పడే అవకాశం సగం అంటే వినేవాళ్లు నవ్వుతారు. "సమాన అవకాశం" అన్న షరతు నిజమైన చోటే ఆలోచించి చెప్పే దారి పనిచేస్తుంది. గవ్వకు ఆ షరతు లేదు. అరగదీసిన చింతపిక్కకూ లేదు. అక్కడ వేసి లెక్కపెట్టడం తప్ప దారి లేదు.

అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. గవ్వ నాణెంలాంటిదే అయితే ఈ రెండూ సమానంగా, పదహారింట ఒకసారి చొప్పున పడాలి. ఒకవేళ మీ గవ్వ వెల్లకిలా పడే సంభావ్యత 0.4 అని లెక్కలో తేలిందనుకుందాం. అప్పుడు చెమ్మాకు 0.4ను నాలుగుసార్లు గుణిస్తే 0.0256, అష్టాకు 0.6ను నాలుగుసార్లు గుణిస్తే 0.1296. అంటే అష్టా అయిదు రెట్లు ఎక్కువగా పడుతుంది. ఇలా ఎందుకు గుణించాలో పై తరగతుల్లో వస్తుంది, ఇప్పటికి నమ్మండి. 0.4 అన్నది నేను ఊరికే అనుకున్న సంఖ్య. మీ ఇంటి గవ్వ సంఖ్య మీ ఇంటి గవ్వే చెప్పాలి.

ఎన్నిసార్లు వేస్తే సరిపోతుంది?

ఇది పిల్లలు అడిగే మంచి ప్రశ్న. దీనికి జవాబు ఒక జైలు కథలాంటి నిజం కథలో ఉంది. జాన్ కెరిచ్ అని దక్షిణాఫ్రికాలో పనిచేసిన గణిత అధ్యాపకుడు ఒకాయన ఉండేవాడు. 1940లో ఆయన డెన్మార్క్‌లో ఉండగా జర్మనీ సైన్యం ఆ దేశాన్ని ఆక్రమించింది. యుద్ధకాలం కాబట్టి ఆయన్ని నిర్బంధ శిబిరంలో ఉంచారు. అక్కడ చేతినిండా సమయమే. ఆయన ఒక నాణేన్ని 10,000 సార్లు ఎగరేసి, ప్రతిసారీ ఏం పడిందో రాసిపెట్టాడు.

మొదటి 10 సార్లలో బొమ్మ 4 సార్లు పడింది. 100 పూర్తయ్యేసరికి 44. 1,000 అయ్యేసరికి 502. మొత్తం 10,000కు 5,067.

భాగించి చూస్తే వరుసగా 0.4, 0.44, 0.502, 0.5067. మొదట్లో సంఖ్య అటూ ఇటూ ఊగింది, పోనుపోను 0.5 దగ్గర స్థిరపడింది. వెయ్యి దగ్గర ఉన్నంత దగ్గరగా పదివేల దగ్గర లేదు కదా అని చురుకైన పిల్లలు అడుగుతారు. నిజమే. ప్రతి అడుగులోనూ దగ్గరవ్వాలని నియమం లేదు, ఊగుడు మాత్రం తగ్గుతూ పోతుంది.

ఇందులో చాలామంది పెద్దవాళ్లకు కూడా తెలియని ఒక సంగతి దాగుంది. 100 దగ్గర బొమ్మలు సగానికి 6 తక్కువ. 10,000 దగ్గర సగానికి 67 ఎక్కువ. అంటే తేడా తగ్గలేదు, పెరిగింది! కానీ 6ను 100తో భాగిస్తే 0.06, 67ను 10,000తో భాగిస్తే 0.0067. లవంలో తేడా పెరిగినా, హారం అంతకంటే ఎక్కువగా పెరిగింది కాబట్టి నిష్పత్తి సగానికి దగ్గరైంది. "అయిదుసార్లు వరుసగా బొరుసు పడింది, ఇక బొమ్మ పడి తీరాలి" అనే నమ్మకం ఎందుకు తప్పో ఇక్కడ తెలుస్తుంది. నాణేనికి బాకీ తీర్చే అలవాటు లేదు. పాత తేడాను అది సరిచేయదు. ఆ తరవాత వచ్చే వేల యత్నాల మధ్య పాత తేడా చిన్నదై కనబడకుండా పోతుంది, అంతే. ఈ ఒక్క ముక్క అర్థమైతే లాటరీ మీద, ఫోనులో ఆడే పందేల మీద డబ్బు పోగొట్టుకునేవాళ్లు సగానికి సగం తగ్గుతారని నా అభిప్రాయం.

పరీక్షలో ఇదే లెక్క ఇస్తే ఎలా రాయాలో కూడా చూడండి. మొత్తం యత్నాలు 10,000. బొమ్మ పడినవి 5,067. బొమ్మ పడే సంభావ్యత 5067/10000, అంటే 0.5067. బొరుసు పడినవి 10,000 లోంచి 5,067 తీసేస్తే 4,933, సంభావ్యత 0.4933. రెండూ కూడితే 1 రావాలి, వచ్చింది. ఈ కూడిక చూసుకోకుండా పేపరు ఇచ్చేయకండి. జవాబు 1 కంటే ఎక్కువ వచ్చిందంటే లవం, హారం తారుమారయ్యాయని అర్థం.

ఇంకో మాట. అక్క గవ్వను 20 సార్లు వేస్తే 12 సార్లు వెల్లకిలా పడింది, తమ్ముడు అదే గవ్వను 200 సార్లు వేస్తే 90 సార్లు పడింది అనుకుందాం. అక్క లెక్క 0.6, తమ్ముడి లెక్క 0.45. రెండూ కలిపి చెప్పమంటే చాలామంది 0.6, 0.45 కూడి రెండుతో భాగించి 0.525 అంటారు. అది తప్పు. కూడాల్సింది లెక్కపెట్టిన సంఖ్యల్ని: 12, 90 కలిపితే 102. 20, 200 కలిపితే 220. 102/220 అంటే దాదాపు 0.464. రెండు వందల సార్లు వేసిన తమ్ముడి ఓపికకు, ఇరవై సార్లతో ఆపేసిన అక్క ఓపికకు ఒకే విలువ ఇవ్వకూడదు కదా!

చెన్నై వానల లెక్క

అక్టోబరు వచ్చిందంటే మా ఆఫీసు ఫోనుకు విశ్రాంతి ఉండదు. "సార్, రేపు లీవా?" సెలవు ప్రకటించేది కలెక్టర్ గారు, బడి కాదు. ఆ సంగతి అలా ఉంచి, వాన విషయంలో మన ఊరికి ఒక గొప్ప వసతి ఉంది: లెక్కలు. ఈస్టిండియా కంపెనీ వాళ్లు 1792లో మద్రాసు అబ్జర్వేటరీ కట్టిన నుంగంబాక్కంలోనే ఇవాళ్టి వాతావరణ కేంద్రం ఉంది. ఇన్నేళ్లుగా వాన కొలిచి రాసిపెట్టిన ఊళ్లు దేశంలో చాలా తక్కువ.

చెన్నైలో ఏడాది మొత్తానికి పడే వాన సగటున సుమారు 1,400 మిల్లీమీటర్లు. అలాంటిది ఒక్క నెలలోనే 1,000 మిల్లీమీటర్లు దాటడం అనే ఘటనను తీసుకుందాం. నుంగంబాక్కంలో 1918 నవంబరులో 1,088 మి.మీ. పడింది. 2005 అక్టోబరులో 1,078. 2015 నవంబరులో 1,049. 2021 నవంబరు కూడా వెయ్యి దాటింది.

ఇప్పుడు సంభావ్యత కట్టండి. 1901 నుంచి 2024 దాకా 124 ఏళ్లు, ఘటన జరిగినవి 4. కాబట్టి 4/124, అంటే దాదాపు 0.032. ముప్పై ఒక్క ఏళ్లకు ఒకసారి. లెక్క సరిగ్గానే ఉంది, పరీక్షలో పూర్తి మార్కులు వేస్తాను.

కానీ అదే పట్టికను రెండు ముక్కలు చేసి చూడండి. 1901 నుంచి 2000 దాకా 100 ఏళ్లలో ఒక్కసారే, 1/100 లేదా 0.01. 2001 నుంచి 2024 దాకా 24 ఏళ్లలో 3, అంటే 0.125. ఎనిమిదేళ్లకు ఒకసారి! మొదటి వందేళ్ల లెక్కే నిజమైతే తరవాతి 24 ఏళ్లకు ఒకటి కూడా రావడం కష్టం. మూడు వచ్చాయి.

ఏది సరైన జవాబు? ప్రయోగాత్మక సంభావ్యతకు ఒక షరతు ఉంది, దాన్ని పుస్తకాల్లో ఒక వాక్యంలో చెప్పి వదిలేస్తారు: యత్నాలన్నీ ఒకే రకమైన పరిస్థితుల్లో జరగాలి. కెరిచ్ నాణెం మొదటిసారీ పదివేలోసారీ ఒకటే. చెన్నై వాతావరణం 1918లోనూ 2021లోనూ ఒకటేనా? సముద్రం వేడెక్కుతోందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. అలా అయితే మనం ఎగరేస్తున్న నాణెం మధ్యలో మారిందన్నమాట. ఇంకో పక్క, మూడు అనేది చిన్న లవం. కెరిచ్ మొదటి పది యత్నాల్లో బొమ్మ నాలుగేసార్లు పడినట్టు, చిన్న సంఖ్యలు ఊగుతాయి. 0.125 అన్నది కూడా రేపు మారవచ్చు. నా మటుకు నేను పాత వందేళ్ల సంఖ్యను నమ్ముకుని ఇంట్లో ఏర్పాట్లు చేసుకోను.

ముక్కలు ఎక్కడ చేశానో కూడా గమనించండి. 2001 నుంచి అన్నాను, 2005 నుంచి అనలేదు. ఘటన జరిగిన ఏడాదితోనే మొదలుపెట్టి లెక్కిస్తే హారం కావాలని తగ్గించినట్టవుతుంది, సంభావ్యత పెరిగి కనిపిస్తుంది. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా లెక్కపెడతామో ఫలితం చూడకముందే నిర్ణయించుకోవాలి.

2015 వరదల తరవాత ఒక మాట ఊరంతా తిరిగింది. "వందేళ్లలో ఇలాంటి వాన రాలేదు, ఇక మన జన్మలో రాదు." వందేళ్లకొకటి అంటే ఒకటి వచ్చాక గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుందని కాదు. ప్రతి ఏటా నూటికి ఒక వంతు అవకాశం ఉందని. వచ్చే ఏడాదికి కూడా అంతే. నాణేనికి లేనట్టే మేఘానికి కూడా బాకీ లెక్క లేదు. ఆ ఏడు ఎంతోమంది పిల్లల పుస్తకాలు, సర్టిఫికెట్లు నీళ్లలో పోయాయి. బీరువాలో కింది అరలో పెట్టినవే ఎక్కువ. వేళచ్చేరి, ముడిచ్చూరు లాంటి పల్లపు ప్రాంతాల నుంచి మన బడికి వచ్చే కుటుంబాలు టీసీ, మార్కుల పత్రాలు, కమ్యూనిటీ సర్టిఫికెట్ పై అరలో, ప్లాస్టిక్ కవరులో పెట్టుకోండి. ఫోటో తీసి ఫోనులో కూడా ఉంచుకోండి.

ఏది లెక్కపెడుతున్నాం?

తుపాన్ల విషయం చూస్తే ఇంకో చిక్కు బయటపడుతుంది. 2010 నుంచి 2024 దాకా, 15 ఏళ్లలో, చెన్నైకీ పుదుచ్చేరికీ మధ్య తీరం దాటిన తుపాన్లు నాకు తెలిసి ఇవి: 2012లో నీలం, 2016లో వర్దా, 2020లో నివర్, 2022లో మాండూస్, 2024లో ఫెంగల్. అయిదు వేర్వేరు ఏళ్లు. కాబట్టి ఒక ఏడాదిలో ఈ తీరాన తుపాను దాటే ప్రయోగాత్మక సంభావ్యత 5/15, మూడింట ఒకటి.

మరి 2011 డిసెంబరులో వచ్చిన థానే? అది పుదుచ్చేరికి కాస్త దక్షిణంగా, కడలూరు వైపు దాటింది. గీతను కడలూరు దాకా జరిపితే 6/15. 2010లో జల్ చెన్నై దగ్గరకు వచ్చేసరికి బలహీనపడి తుపాను హోదా పోగొట్టుకుంది. దాన్ని కలపాలా వద్దా? ఏ నిర్ణయమైనా తీసుకోవచ్చు, కానీ ముందుగా తీసుకోవాలి, అందరికీ ఒకటే ఉండాలి, జవాబుతో పాటు చెప్పాలి.

అంతకంటే పెద్ద సంగతి ఒకటుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది ఆంధ్రలో, బాపట్ల దగ్గర. మన గీతకు చాలా దూరం. కానీ అంతకు ముందు రోజు నీళ్లలో ఉన్నది చెన్నై. 2015 డిసెంబరు 1న ఊరు మునిగినప్పుడు ఇక్కడ తీరం దాటిన తుపానే లేదు. అంటే "తుపాను తీరం దాటడం" అనే ఘటనను ఎంత జాగ్రత్తగా లెక్కపెట్టినా, "మా వీధిలోకి నీళ్లు రావడం" అనే ప్రశ్నకు అది జవాబు కాదు. ఇంట్లో వాళ్లకు కావలసింది రెండో ప్రశ్న. దానికి లెక్క వేరే కట్టాలి. ఆ లెక్క వాతావరణ కేంద్రం పట్టికలో దొరకదు. మీ వీధిలో ముప్పై ఏళ్లుగా ఉంటున్న పెద్దమనిషిని అడగండి: ఏయే సంవత్సరాల్లో నీళ్లు గుమ్మం దాటాయి? ఆయన చెప్పినవి లవం, ఆయన అక్కడున్న ఏళ్లు హారం.

లవం సున్నా అయితే? సంభావ్యత సున్నా అని రాస్తారు, పరీక్షలో అది సరే. కానీ దానర్థం ఇంతవరకూ చూడలేదని మాత్రమే, జరగదని కాదు. 2004 డిసెంబరు 26 ఉదయం దాకా మెరీనా మీద సునామీ చూసినవాళ్లు మనలో ఎవరూ లేరు. ఆ మాటే చాలామందిమి ఆ రోజు మొదటిసారి విన్నాం. ఆ తరవాతే 2007లో హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రం ఏర్పాటైంది.

హారం అడగండి

ఇప్పుడు తల్లిదండ్రులతో కాస్త సూటిగా మాట్లాడాలి. పదో తరగతి ఫలితాలు వచ్చాక ఏటా ఊళ్లో రంగురంగుల బోర్డులు లేస్తాయి. నవ్వుతున్న పిల్లల ఫోటోలు, కింద ర్యాంకులు. "మా దగ్గర చదివిన 120 మందికి మెడికల్ సీట్లు" అని ఒక కోచింగ్ సెంటర్ వేసుకుందనుకుందాం. ఆ 120 లవం. హారం ఏది? 400 మంది చేరితే 120 మందికి వచ్చాయంటే 0.3, గొప్పే. 6,000 మంది చేరితే 0.02, అంటే నూటికి ఇద్దరు. బోర్డు రెండు చోట్లా ఒకేలా ఉంటుంది. లక్షల్లో ఫీజు కట్టేముందు "మొత్తం ఎంతమంది చేరారండీ?" అని ఒక్క ప్రశ్న అడగండి. అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు. జవాబు రాకపోతే అదీ ఒక జవాబే.

ఇదే తూకం మన మీద కూడా వేయండి, కాదనను. "తెలుగు మీడియంలో చదివితే పైకి రారు. మా వీధిలోనే ముగ్గురు ఇంజనీరింగులో తట్టుకోలేక ఇంటికొచ్చేశారు" అని అడ్మిషన్ల సమయంలో నాతోనే అంటుంటారు. ముగ్గురు అన్నది నిజమే కావచ్చు, ఆ పిల్లల బాధా నిజమే. కానీ ఆ వీధి నుంచి తెలుగు మీడియంలో చదివి కాలేజీకి వెళ్లినవాళ్లు మొత్తం ఎందరు? నలుగురిలో ముగ్గురా, నలభైమందిలో ముగ్గురా? ఇంగ్లీషు మీడియం నుంచి వెళ్లినవాళ్లలో తిరిగొచ్చినవాళ్లు ఎందరు, ఎందరిలో? రెండు భిన్నాలూ చేతిలో లేకుండా పోలిక ఎలా పెడతాం? కష్టపడి నెగ్గుకొచ్చిన పిల్లవాడి సంగతి వీధిలో ఎవరూ చెప్పుకోరు. వాడు పొద్దున లేచి ఉద్యోగానికి వెళ్తుంటాడు. ఇంటికొచ్చేసినవాడి గురించే మాట్లాడుకుంటారు. లెక్కలోకి ఎవరు వస్తున్నారో, ఎవరు రావడం లేదో చూడకపోతే భాగహారం ఎంత బాగా చేసినా ఉపయోగం ఉండదు.

మన బడి సంగతి తెలుసుకోవాలంటే ఆఫీసుకు రండి. ఏ సంవత్సరం పదో తరగతిలో ఎందరు చేరారు, ఎందరు పరీక్ష రాశారు, ఎందరు ప్యాసయ్యారు, మూడు సంఖ్యలూ రిజిస్టరులో చూపిస్తాం. మూడూ అడగండి. "పరీక్ష రాసినవాళ్లలో నూటికి నూరు" అనే మాట వెనక, పరీక్షకు ముందే మానేసినవాళ్లు దాగి ఉండవచ్చు. ఏ బడి గురించి విన్నా ఇదే అడగండి.

లెక్కపెట్టే పని చిన్నదనుకునే పిల్లలకు ఒక పేరు చెబుతాను. సి.ఆర్. రావు గారు, కల్యంపూడి రాధాకృష్ణారావు. 1920లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం బళ్లలో చదువుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసి, కలకత్తాలో మహలనోబిస్ గారి భారతీయ గణాంక సంస్థలో చేరారు. కొద్ది సంఖ్యలో చూసిన లెక్కల నుంచి అసలు విలువను ఎంత దగ్గరగా అంచనా వేయగలం, అంతకు మించి దగ్గరవ్వలేని హద్దు ఏది అన్న ప్రశ్నకు 1945లో, 25 ఏళ్ల వయసులో, ఆయన ఇచ్చిన జవాబు ఇవాళ ప్రపంచమంతా చదువుతోంది. 2023లో ఆయనకు అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి వచ్చింది. అదే ఏడాది కన్నుమూశారు.

విద్యార్థులకు పని

తొమ్మిదో తరగతి వాళ్లు ఒక్కొక్కరు ఒక గవ్వను 200 సార్లు వేసి రాసుకుని రావాలి. 10, 50, 100, 200 దగ్గర ఆగి భాగహారం చేయండి. గవ్వ ఒరిగి గోడకు ఆనుకుంటే లెక్కలోకి తీసుకోవాలా, మళ్లీ వేయాలా అన్నది మొదటిసారి వేయకముందే నోటు పుస్తకంలో రాయాలి. గవ్వ లేనివాళ్లు సోడా సీసా మూత వాడుకోవచ్చు. తరగతిలో అందరి సంఖ్యలూ కలుపుదాం. గవ్వలు వేర్వేరు కాబట్టి కలపవచ్చా లేదా అన్నది అప్పుడు మాట్లాడుకుందాం.

ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లకు వాన లెక్క. అడుగు చదునుగా, గోడలు నిటారుగా ఉన్న సీసా లేదా డబ్బా మేడ మీద, చెట్టు కిందో సన్‌షేడ్ కిందో కాకుండా, పైకి ఏ అడ్డూ లేని చోట పెట్టండి. గాలికి పడిపోకుండా చుట్టూ ఇటుకలు పేర్చండి. అక్టోబరు 1 నుంచి డిసెంబరు 31 దాకా రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు స్కేలుతో లోతు కొలిచి, రాసి, నీళ్లు పారబోయండి. గోడలు నిటారుగా ఉంటే డబ్బా వెడల్పు ఎంతైనా లోతే వాన కొలత. వాతావరణ శాఖ లెక్క ప్రకారం రోజులో 2.5 మి.మీ. లేదా అంతకంటే ఎక్కువ పడితేనే అది వాన రోజు. మనమూ అదే పాటిద్దాం. నాలుగు చినుకులు పడ్డాయని లెక్కలో వేయకండి.

మూడు నెలలకు మొత్తం 92 రోజులు. సెలవులకు ఊరెళ్లడం వల్లో, మరిచిపోవడం వల్లో కొలవని రోజులుంటే వాటి దగ్గర సున్నా రాయకూడదు, గీత పెట్టాలి. సున్నా అంటే చూశాం, వాన లేదు అని. గీత అంటే చూడలేదు అని. హారంలో గీతలు కలవవు. అయిదు గీతలుంటే మీ హారం 87. నోటు పుస్తకాలు జనవరిలో బడి తెరిచిన మొదటి వారంలో గణితం టీచరుకు ఇవ్వండి.